దాలీ గోడల మీద శుభాన్ని గీయడం నేర్చుకున్నాను

చైనాలోని యునాన్ రాష్ట్రంలో దాలీ అనే ఊరుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి మన తెలుగు పిల్లలు కూడా వెళుతుంటారు. నేనూ ఆ దారినే వెళ్లాను. పాఠాలు, పరీక్షలు, ఆసుపత్రి పని ఎలాగూ ఉన్నాయి. కానీ మొదటి నుంచీ నా చూపును పట్టి నిలిపినవి అక్కడి ఇళ్ల గోడలు. తెల్లటి సున్నపు గోడ, దాని మీద నల్ల సిరాతో మబ్బు తీగలు, తామరలు, కొంగలు, జింకలు, గబ్బిలాలు. బస్సులో వెళుతున్నప్పుడు ఒక ఊరు దాటి ఇంకో ఊరు వచ్చేలోగా పదుల సంఖ్యలో కనిపించేవి. ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండేవి కావు.

ఆ ఇళ్లు బాయి జాతివారివి. పడమటి వైపు త్సాంగ్‌షాన్ పర్వతాలు, తూర్పున ఆర్‌హాయ్ సరస్సు, రెంటి నడుమ సన్నటి పొలాల పట్టీ. తరతరాలుగా వారి ఊళ్లన్నీ అక్కడే. 8వ శతాబ్దం నుంచి నాన్‌జావ్ రాజ్యానికి, తర్వాత 1253లో మంగోలులు వచ్చి జయించేదాకా దాలీ రాజ్యానికి ఈ నేలే కేంద్రం. 1956లో దీన్ని దాలీ బాయి స్వయంపాలిత ప్రాంతంగా ఏర్పాటు చేశారు. బాయి ఇళ్ల చిత్రలేఖనాన్ని చైనా ప్రభుత్వం 2008లో జాతీయ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితా సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికే నేను సెలవులన్నీ ఒక గోడల చిత్రకారుడి దగ్గర, సున్నం చేతులతో గడుపుతున్నాను.

ఆయన ఊరు షీజౌకు దగ్గర. షీజౌ అంటే దాలీ పాతపట్నానికి ఉత్తరాన ఉన్న వర్తకుల ఊరు. బర్మా దాకా వ్యాపారం చేసిన కుటుంబాలు 20వ శతాబ్దం తొలి సగంలో అక్కడ పెద్ద పెద్ద లోగిళ్లు కట్టించాయి. నా సహాధ్యాయిని ఒకామె మేనమామ ఇంటికి కొత్తగా గోడలు పూయిస్తున్నారని తెలిసి, చూడటానికి వెళ్లాను. పరంజా మీద కూర్చుని గీస్తున్న పెద్దాయనను అందరూ షిఫు అంటున్నారు. చేతిపనిలో ఆరితేరిన వారిని అక్కడ అలాగే పిలుస్తారు. నేనూ షిఫు అనే పిలిచి, నేర్పిస్తారా అని అడిగాను. ఆయన కిందికి చూసి, "సున్నం సంగతి తెలిశాక కుంచె సంగతి మాట్లాడదాం అమ్మాయీ" అన్నారు. ఆ మాట మీద నిలబడ్డారు కూడా.

సున్నం పనికి నాకు పట్టిన కాలం బొమ్మల పనికి పట్టలేదంటే అతిశయోక్తి కాదు. గోడ అడుగున రాయి, పైన మట్టి ఇటుక. దాని మీద తరిగిన గడ్డి కలిపిన మట్టి పూత, ఆ పైన సున్నపు గార. సున్నం గుంతలో నీళ్ల కింద నెలల తరబడి మాగి ఉండాలి. తొందరపడి వాడితే లోపల ఉడకని పలుకులు తర్వాత ఉబ్బి గోడ మీద పొక్కులు లేస్తాయి. మాగిన సున్నంలో నానబెట్టి దంచిన కాగితపు గుజ్జు కలుపుతారు. ఆ పీచే గారను బీటలు వారకుండా పట్టి ఉంచుతుంది. పీచు సమంగా కలిసిందా లేదా అన్నది షిఫు కళ్లతో చూసి చెప్పేవారు కాదు. పిడికెడు తీసి రెండు వేళ్ల మధ్య సాగదీసేవారు. తెగకుండా సన్నగా సాగితే తల ఊపేవారు.

ఆ తర్వాత తాపీతో నొక్కి నొక్కి రుద్దడం. గోడ మీద సన్నటి మెరుపు వచ్చేదాకా చేయి ఆపకూడదు. ఇక బొమ్మకు అసలైన గడియ అప్పుడు మొదలవుతుంది. గోడ మరీ తడిగా ఉంటే సిరా పాకిపోతుంది, మరీ ఆరితే పైపైన నిలిచి రాలిపోతుంది. గోరు దిగకూడదు, వేలికి చెమ్మ మాత్రం తగలాలి. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి రాయిగా మారుతుందనీ, ఆ మార్పులో సిరా నలుసులు గోడతో కలిసిపోతాయనీ నాకు పుస్తకాల వల్ల తెలుసు. ఆయనకు చేతి వల్ల తెలుసు. శీతకాలంలోనూ వసంతంలోనూ దక్షిణాన షియాగ్వాన్ వైపు నుంచి వచ్చే గాలి పేరుమోసినది. ఆ గాలి ఉన్న రోజు గోడ చూస్తుండగానే ఆరిపోతుంది. అలాంటి రోజుల్లో చిన్న ముక్క పూసి, ఆ ముక్క వరకే గీసి, మళ్లీ పక్క ముక్క పూసేవాళ్లం.

బయటి గోడల మీద రంగులు ఎందుకు వాడరని అడిగాను. షిఫు చెప్పిన కారణం చాలా సూటిగా ఉంది. దీపపు మసితో చేసిన సిరాను సున్నం ఏమీ చేయలేదు, ఎండా ఏమీ చేయలేదు. మొక్కల రంగుల్లో చాలావాటిని సున్నం తినేస్తుంది. అందుకే వాన తగిలే చోట నలుపు, బూడిదరంగు, తెలుపు. రంగులన్నీ చూరు కింద, ద్వారం లోపల, నీడ ఉన్న చోట. ఈ ఒక్క సూత్రం తెలిశాక నాకు ఊరంతా కొత్తగా అర్థమైంది.

ఇంటి కట్టడం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే బొమ్మల సంగతి గాలిలో వేలాడుతుంది. బాయి ఇంటికి మామూలు పద్ధతి మూడు కట్టడాలు, ఒక ఎదురుగోడ. నడుమ వాకిలి, మూడు వైపులా రెండంతస్తుల ఇళ్లు, నాలుగో వైపు పైకప్పుతో నిలిచే తెల్లటి గోడ. ఇంకా కలిగినవారు నాలుగు ఇళ్లు, ఐదు వాకిళ్ల లోగిలి కట్టుకుంటారు. ప్రధాన గృహం తూర్పు ముఖంగా ఉంటుంది. వెనుక పర్వతం ఆనుకుని ఉండాలి, అప్పుడే ఆ ఇంట మనిషి నిలుస్తాడని పెద్దల మాట. పడమటి గాలికి ఇల్లు వీపు చూపించినట్టూ అవుతుంది. ఎదురుగోడ వాకిలికి తూర్పున, ప్రధాన గృహానికి ముఖాముఖిగా నిలుస్తుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు పడమటికి వాలి ఆ తెల్లగోడ మీద పడితే, ఆ వెలుగు వాకిలి దాటి ఇంట్లోకి వస్తుంది. వెలుతురు చాలని వసారాలో కూర్చుని కుట్టుపని చేసుకునే ముసలమ్మకు ఆ గోడే దీపం. గోడలో ఎక్కువ భాగాన్ని తెల్లగా వదిలేయడంలోని వివేకం అక్కడ కూర్చుంటే గాని తెలియదు.

మొదట నాకు పని ఇచ్చింది పక్కగోడ మీద. కప్పు కొన కింద, రెండు వాలుల నడుమ ఉండే ఆ భాగాన్ని అక్కడివారు కొండపువ్వు అంటారు. అంచుల వెంబడి పలుచటి రాతిపలకలు బిగించి ఉంటాయి, గాలి పెంకులను ఎగరేయకుండా. వాటి కింద సిరాతో ఇటుక వరసలు గీస్తారు. నిజం ఇటుకలేమో అనిపించేంత కచ్చితంగా. ఆ చట్రం లోపల మబ్బుల చుట్టలు, నడుమ తామరో, దీర్ఘాయువు అనే అక్షరమో.

కప్పు కొన నుంచి తూకం గుండు వేలాడదీసి నడిమి గీత తీసుకోవాలి. సిరాలో తడిపిన దారాన్ని బిగబట్టి గోడకు కొట్టి అడ్డగీతలు. సగం బొమ్మను పల్చటి కాగితం మీద గీసి, సూదితో చిల్లులు పొడిచి, గోడకు ఆనించి బొగ్గుపొడి మూటతో అద్దాలి. కాగితాన్ని తిరగేసి అవతలి సగానికి మళ్లీ అద్దాలి. చుక్కలు చుక్కలుగా బొమ్మ గోడ మీద పడుతుంది.

తర్వాత మూడు గిన్నెలు: లేత సిరా, నడిమి సిరా, చిక్కటి సిరా. మబ్బు చుట్టను లోపలి కొన దగ్గర మొదలుపెట్టి బయటికి తిప్పుకుంటూ రావాలి. ముందు లేత సిరా. గోడ దాన్ని పీల్చుకోగానే, చుట్ట లోతుగా ఉన్న వైపు నడిమి సిరా, పక్కనే నీళ్ల కుంచెతో దాని అంచు కరిగించడం. ఆఖరున చిక్కటి గీత. ఆ చిక్కటి గీతకూ బూడిదరంగు పూతకూ మధ్య వెంట్రుకవాసి తెల్లటి సందు వదలాలి. దగ్గర నుంచి చూస్తే ఆ సందుకు అర్థమే లేదనిపిస్తుంది. కిందికి దిగి వీధిలో నిలబడి చూస్తే మబ్బు గోడలోంచి పైకి ఉబికి వచ్చినట్టుంటుంది. ఆ సందును ఊపిరి బిగబట్టి వదిలేవాళ్లం. షిఫు చేయి మాత్రం మాట్లాడుతూనే నడిచేది.

గబ్బిలాల దగ్గర నేను ఆగిపోయాను. ఇంట్లోకి గబ్బిలం వస్తే అశుభమని వింటూ పెరిగిన దాన్ని. అక్కడేమో అక్షరం చుట్టూ ఐదు గబ్బిలాలు రెక్కలు విప్పుకుని ఉంటాయి. చైనా భాషలో గబ్బిలానికీ భాగ్యానికీ ఉచ్చారణ ఒకటే. ఐదు గబ్బిలాలంటే ఐదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, సద్గుణం, సుఖమరణం. ఇంట్లో బాయి భాషే మాట్లాడుకునే వాళ్లు కూడా ఈ చైనా శ్లేషను గోడ మీద భద్రంగా నిలుపుకున్నారు. నాకు ఆ జాబితాలో చివరిది బాగా నచ్చింది. ఆసుపత్రిలో చావును దగ్గర నుంచి చూస్తున్న రోజులవి. మంచి చావును భాగ్యంగా లెక్కపెట్టి ఇంటి గోడ మీద గీసుకున్న వారి మీద గౌరవం పెరిగింది.

ఇక ఎదురుగోడ. దాని నెత్తిన కప్పు, కప్పు కింద గళ్లు గళ్లుగా పట్టీ. చదరపు గళ్లు, గుండ్రటివి, విసనకర్ర ఆకారంలోవి. ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ, లేదా పద్యపాదం. కలిగినవారు నడుమ దాలీ పాలరాయిని గుండ్రంగా కోసి పొదిగిస్తారు. ఆ రాతిలో సహజంగా ఉన్న చారలే కొండలుగా, పొగమంచుగా కనిపిస్తాయి. గోడ ఎత్తులోనూ అంతరం ఉండేది. నడుమ ఎత్తుగా, ఇరువైపులా తగ్గుగా ఉండే మూడు మెట్ల గోడ మామూలు గృహస్థులది. ఒకే ఎత్తున సాగే గోడ ఒకప్పుడు రాజోద్యోగాలకు పెట్టే రాజపరీక్షల్లో పట్టా పొందిన కుటుంబాలకే చెల్లేది.

గళ్లలో ఏం గీయాలో తేల్చుకోవడానికి షిఫు ఇంటివాళ్లతో వాకిట్లో కూర్చున్నారు. నేను బొమ్మల పుస్తకం తెరుస్తారనుకున్నాను. ఆయన మాత్రం ఎవరు ఏ గదిలో పడుకుంటారు, ఎవరి కిటికీ ఎటు తెరుచుకుంటుంది, ఎవరు ఎక్కడ కూర్చుని టీ తాగుతారు అని అడుగుతూ పోయారు. తాతగారు, నాయనమ్మ ప్రధాన గృహంలో కింది గదిలో ఉంటారు. వారికి ఎదురుగా పడే గడిలో దీర్ఘాయువు కోరే దేవదారు చెట్టు, కొంగ, జింక. కొత్తగా పెళ్లయిన మనవడి గది కుడివైపు మేడ మీద. అక్కడి నుంచి కనిపించే గడిలో పగిలిన దానిమ్మ, లోపల నిండుగా గింజలు. పరీక్షలకు చదువుతున్న పిల్లకు డ్రాగన్ ద్వారం మీదికి ఎగిరే చేప, అంటే పరీక్షల్లో గెలుపు. లారీ నడుపుతూ దూరదేశాలు తిరిగే కొడుకు ఇంట్లోంచి వెళ్తూ దాటే గుమ్మం పైన పూలకూజా, అంటే క్షేమం.

బాయి శుభచిహ్నాల గురించి నేను అక్కడ నేర్చుకున్న అసలు పాఠం ఇదే. పుస్తకాల్లో వీటిని వరసపెట్టి, ఈ పువ్వుకు ఈ అర్థం, ఈ పక్షికి ఈ అర్థం అని పట్టికలు వేస్తారు. ఇంటి మీద మాత్రం ప్రతి బొమ్మకూ ఒక చిరునామా ఉంటుంది. జింకను వృద్ధుల చూపు పడే చోట గీస్తే దీవెన. గీతలు అవే అయినా, తీసుకెళ్లి మెట్ల కింద గీస్తే ఉత్త జింక. నేను ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా బొమ్మను చూసి ఊరుకోలేదు. బొమ్మకు వీపు పెట్టి నిలబడి, అది ఎటు చూస్తోందో అటు చూడటం అలవాటైంది. ఎదురుగా ఒక మంచమో, కుర్చీయో, పొయ్యో ఉండేది.

వీధివైపు గోడల బొమ్మలు మాత్రం ఇంటివాళ్లవి కావు, ఊరివి. పొలం నుంచి వచ్చేవాడికి కనిపించేది పక్కగోడ మీది తామర. కొయ్య ఇళ్లకు నిప్పే పెద్ద భయం కాబట్టి నీటి పూలను, చేపలను అంత ఎత్తున గీస్తారని షిఫు చెప్పారు. ఒక ఇంటికి అంటుకుంటే వాడకు వాడే పోతుంది, అందుకే ఆ కోరిక అందరి తరఫునా వీధిలోకి చూస్తుందట.

ఎదురుగోడ నడుమ రాసే నాలుగక్షరాల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఇంటిపేరును బట్టి ఆ మాట మారుతుంది. మేం పనిచేసిన ఇల్లు యాంగ్ వారిది. వారి గోడ మీద రాసే మాటకు అర్థం, నిష్కళంకతే మా వంశానికి ఆస్తి. దాని వెనుక తూర్పు హాన్ రాజవంశ కాలపు అధికారి యాంగ్ జెన్ కథ ఉంది. ఒకడు రాత్రివేళ బంగారం తెచ్చి, ఎవరికీ తెలియదు తీసుకోండి అన్నాడు. ఆకాశానికి తెలుసు, భూమికి తెలుసు, నీకు తెలుసు, నాకు తెలుసు, ఎవరికీ తెలియదంటావేమిటని ఆయన తిప్పి పంపాడు. జాంగ్ వారి గోడ మీద వంద ఓర్పుల మాట ఉంటుంది. తొమ్మిది తరాలు కలిసి బతికిన జాంగ్ గోంగ్‌యీని ఇది ఎలా సాధ్యమని థాంగ్ చక్రవర్తి గావ్‌జోంగ్ అడిగితే, ఆయన ఓర్పు అనే అక్షరాన్నే వందసార్లు రాసిచ్చాడట. లీ వారు థాంగ్ కాలపు కవి లీ బాయిని తలుచుకుంటారు. ఊళ్లో నడుస్తూ ఎదురుగోడ చదివితే తలుపు తట్టకుండానే ఇంటిపేరు తెలిసిపోతుంది. నాకు మాత్రం ఇవన్నీ గొప్పలుగా అనిపించలేదు. వాకిట్లో ఆడుకునే పిల్లలు రోజూ చూస్తూ పెరిగే అక్షరాలు అవి. లంచం ముట్టని పూర్వికుడి పేరు మీద పెరిగిన పిల్లకు ఆ గోడ జీవితాంతం ఎదురుగా ఉంటుంది.

ఆ అక్షరాలను షిఫు రాయలేదు. ఊళ్లో చేతిరాతకు పేరున్న విశ్రాంత ఉపాధ్యాయుడు కాగితం మీద రాసి ఇచ్చారు. మేం దాన్ని గోడ మీదికి ఎక్కించి నింపాం. నింపడం నా చేతికి వచ్చింది. నాలుగు అక్షరాల్లో ఒక్కో గీత నా అరచేయంత వెడల్పు. కాగితం మీద కుంచె ఎక్కడ ఎండిందో, ఎక్కడ ఒత్తిందో ఆ జాడ కూడా గోడ మీద కనబడాలి. నా చదువులో కూడా అంత నిదానంగా ఏ పనీ చేయలేదు.

ద్వారం మీది సంగతి ఒకటి చెప్పి తీరాలి. దాలీ ప్రాంతంలో కొన్ని ఇళ్ల ద్వారపు కప్పు మీద మట్టితో కాల్చి చేసిన పిల్లి కూర్చుని ఉంటుంది. ఉబికిన కళ్లు, చెవుల దాకా తెరిచిన నోరు. ఉత్తరాన హచింగ్‌లో ఈ పెంకు పిల్లులను చేసే కుమ్మరులు ఉన్నారు. ఆ నోరు కీడును మింగడానికట. మన గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ చేసే పనే అది చేస్తుంది. నాకు వివరించాల్సిన అవసరమే రాలేదు. గరుడుడు కూడా అక్కడ ఉన్నాడు, బంగారు రెక్కల పక్షి అనే పేరుతో. వరదలు తెచ్చే నాగులను అణచడానికి బౌద్ధ గోపురాల కొనల మీద ఆయనను నిలిపేవారు. 1978లో దాలీ పాతపట్నం దగ్గరి మూడు బౌద్ధ గోపురాలను బాగుచేస్తున్నప్పుడు, 69 మీటర్ల పెద్ద గోపురంలో బంగారు పూత పూసిన వెండి గరుడ విగ్రహం దొరికింది. మన దేశం నుంచి బౌద్ధంతో బయలుదేరిన పక్షి ఇంత దూరం వచ్చి ఒక సరస్సును కాపలా కాసిందని తెలిసినప్పుడు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

తలుపుల కోసం జియెన్‌చ్వాన్ వెళ్లాం. దాలీకి ఉత్తరాన ఉన్న ఆ ఊరి వడ్రంగులు యునాన్ అంతటా ప్రసిద్ధులు. లీజియాంగ్ రొట్టె, హచింగ్ సారా, జియెన్‌చ్వాన్ వడ్రంగి ఎక్కడికి వెళ్లినా ఉంటాడు అని అక్కడి సామెత. ప్రధాన గృహానికి ఆరు రెక్కల తలుపు చేయిస్తారు. పై భాగంలో చిల్లుల చెక్కడం, పొర మీద పొర. ముందు పొరలో రేగుకొమ్మ మీద పక్షులు, వెనుక పొరలో అల్లిక, ఒకే పలకలో. కింది భాగం గట్టి పలక. ఆ పని మీద నాకు పూర్తి అవగాహన లేదు కనుక ఎక్కువ రాయను. చెక్కేవాడి బల్ల మీద పదుల కొద్దీ ఉలులు ఉన్నా, ఏది కావాలో చూడకుండానే తీసుకోవడం మాత్రం చూశాను.

ఇప్పుడు ఆ ఊళ్లలో ఎక్కువగా లేస్తున్నవి కాంక్రీటు ఇళ్లే. మట్టి ఇటుక గోడకు భూకంపం భయం, కలపకు ఖర్చు. వాటిని కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. నాకు బాధ కలిగించేది వేరే ఉంది. కర్మాగారంలో అచ్చు వేసిన పింగాణీ పలకలు వచ్చాయి. కొంగ, జింక, దానిమ్మ అన్నీ వాటి మీద ఉంటాయి, రంగులు కూడా బాగుంటాయి. కొన్నవాడు ఖాళీ ఉన్న చోట అంటిస్తాడు. ఎవరి గది ఎటు ఉందని ఆ పలక అడగదు. తాత లేని ఇంట్లో జింక, పిల్లలు ఎదిగి వెళ్లిపోయిన ఇంట్లో దానిమ్మ. సిమెంటు పూత మీద సిరా కూడా సున్నం మీద నిలిచినట్టు నిలవదు. అందుకే షిఫు కాంక్రీటు ఇంటికి కూడా పైన సున్నపు గార పొర పూశాకే కుంచె పడతారు. ఆ పొర సిమెంటును పట్టి నిలవడానికి ముందు గోడను ఉలితో గరుకుగా కొట్టిస్తారు. ఖర్చు ఎక్కువని కొందరు వెనక్కి తగ్గుతారు. ఒప్పుకునేవారు ఒప్పుకుంటారు.

నేను చదువు ముగించుకుని వచ్చేనాటికి ఆయన దగ్గర పనిచేస్తున్నవాళ్లలో ఒకడు యాంగ్ వారి మనవడే. తమ ఇంటి గోడ పని చూస్తూ చూస్తూ చేరాడు. ఫోను చేసినప్పుడల్లా కొత్త గోడల ఫోటోలు పంపిస్తాడు. ఈమధ్య పంపిన దానిలో ఒక కాంక్రీటు ఇంటి పక్కగోడ ఉంది. మబ్బు చుట్టలు బాగా తిరిగాయి, తెల్లటి సందు మాత్రం ఎడమవైపు కాస్త వెడల్పయింది. ఆ మాటే రాశాను. షిఫు కూడా అదే అన్నారని జవాబు వచ్చింది.